గాం మల్లుదొర

గాం మల్లుదొర (మరణం: 1969) విశాఖ మన్యానికి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు, మొదటి లోక్‌సభ సభ్యుడు. 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన మన్యం పితూరీలో ముఖ్య అనుచరులలో ఒకడు. మరణశిక్ష పొంది, అది ప్రవాస శిక్షగా మారగా అండమాను జైలుకు వెళ్ళాడు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం నియోజకవర్గం నుండి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఇంటిపేరును గాము అని కూడా వ్రాస్తారు. పితూరీలో మరణించిన గాం గంటందొర ఇతడి సోదరుడు.

నేపథ్యం

తూర్పు కనుమలలోని గూడెం, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలు బ్రిటిషు కాలంలో మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేవి. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం ప్రకారం ఈ కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, జిల్లా కలెక్టరును ప్రభుత్వ ఏజెంటుగా నియమించారు. ఏజెన్సీ అనే పేరు దీని నుండే వచ్చింది. కొన్ని గ్రామాలు కలిసి ఒక ముఠా. ముఠాదారులు, గ్రామ మునసబులు శిస్తు వసూలు చేసి ప్రభుత్వానికి చెల్లించేవారు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత రిజర్వు అడవులు విస్తరించాయి. పోడు వ్యవసాయంపైన, కలప, వంటచెరకు సేకరణపైన, పశువుల మేతపైన ఆంక్షలు పెరిగాయి. దీనికి తోడు మైదానం నుండి వచ్చిన వడ్డీ వ్యాపారుల అప్పులు గిరిజనులను పీడించాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్ల నిర్మాణంలో గిరిజనుల చేత బలవంతంగా పని చేయించి, నిర్ణయించిన కూలి ఇచ్చేవాడు కాదు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గంటందొర పదవిని కోల్పోయాడు. గాం సోదరులు సీతారామరాజుతో చేరడానికి ఈ అన్యాయాలే కారణమయ్యాయి.

మన్యం పితూరీలో

1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవుపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై రాజు దళం వరుసగా దాడులు చేసింది. ఈ మూడు దాడులలో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దళానికి దక్కాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగిన మెరుపుదాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు మరణించారు. తరువాత ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసు దళాన్ని, ఆపై అస్సాం రైఫిల్స్‌ను మన్యంలో దింపింది. సీతారామరాజుతో పాటు గంటందొర, మల్లుదొరలను పట్టి ఇచ్చినవారికి బహుమతులు ప్రకటించింది.

అరెస్టు, శిక్ష

మల్లుదొర వ్యక్తిగత నడవడి కారణంగా సీతారామరాజు అతడిని దళం నుండి దూరం పెట్టాడని పితూరీ చరిత్రలు పేర్కొంటున్నాయి. 1923 సెప్టెంబరు 17న అతడు పోలీసులకు చిక్కాడు. 1924 మే 7న సీతారామరాజును కొయ్యూరు వద్ద కాల్చి చంపారు. అదే సంవత్సరం జూన్‌లో గంటందొర కూడా పోలీసు కాల్పులలో మరణించాడు. మల్లుదొరకు న్యాయస్థానం మొదట మరణశిక్ష విధించింది. తరువాత దానిని అండమాను ప్రవాస శిక్షగా మార్చారు. ఆ విధంగా సోదరులిద్దరిలో మల్లుదొర ఒక్కడే స్వతంత్ర భారతాన్ని చూడగలిగాడు.

1952 ఎన్నికలు

బ్రిటిషు పాలనలో కొండ ప్రాంతాలవారికి చట్టసభలలో చోటు నామమాత్రమే. 1935 భారత ప్రభుత్వ చట్టం విశాఖ ఏజెన్సీని పాక్షికంగా మినహాయించిన ప్రాంతాల జాబితాలో చేర్చింది. 215 స్థానాలు గల మద్రాసు శాసనసభలో వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు కేటాయించినది ఒక్క స్థానం. వయోజన ఓటుహక్కుతో 1951-52లో జరిగిన సార్వత్రిక ఎన్నికలతో ఈ పరిస్థితి మారింది. ప్రతి అభ్యర్థికి గుర్తు అంటించిన వేరు వేరు పెట్టెలు ఉండడం వలన చదువురానివారు కూడా ఓటు వేయగలిగారు.

ఆనాటి విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం సాధారణం, రెండవది షెడ్యూల్డు తెగలకు రిజర్వు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. రెండింటినీ ఒకే అభ్యర్థికి వేయడానికి వీలులేదు. ఈ నియోజకవర్గం నుండి లంకా సుందరం, మల్లుదొర ఇద్దరూ స్వతంత్రులుగానే గెలిచారు.

ఆ ఎన్నికలలో ఆంధ్ర ప్రాంతమంతటా కాంగ్రెసుకు వ్యతిరేకంగా గాలి వీచింది. ఆహార కొరత, ధాన్యంపై కంట్రోళ్ళు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటులో జాప్యం, పార్టీలోని ముఠా తగాదాలు ఇందుకు కారణాలు. 1951లో టంగుటూరి ప్రకాశం కాంగ్రెసును వీడి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరగా, ఎన్.జి.రంగా కృషికార్ లోక్ పార్టీని స్థాపించాడు. ఆంధ్ర ప్రాంతంలోని 140 శాసనసభ స్థానాలలో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 లభించాయి. మొత్తం మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు వచ్చినవి 152 మాత్రమే. ఉత్తరాంధ్ర లోక్‌సభ స్థానాలలో శ్రీకాకుళం నుండి బొడ్డేపల్లి రాజగోపాలరావు, పార్వతీపురం నుండి ఎన్.రామశేషయ్య స్వతంత్రులుగా, విజయనగరం నుండి కందాళ సుబ్రహ్మణ్యం సోషలిస్టుగా గెలిచారు. పాతపట్నంలో మాత్రం వి.వి.గిరి కాంగ్రెసు తరఫున నెగ్గాడు.

మల్లుదొర సభ్యుడుగా ఉన్న మొదటి లోక్‌సభ 1957 ఏప్రిల్‌లో రద్దయింది. 1957 ఎన్నికలలో విశాఖపట్నం స్థానాన్ని సోషలిస్టు అభ్యర్థి పి.వి.జి.రాజు గెలుచుకున్నాడు.

తరువాతి పరిణామాలు

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో రెండు స్థానాలనూ షెడ్యూల్డు తెగల అభ్యర్థులే గెలిచారు. సాధారణ స్థానానికి పోటీ చేసి ఓడిన వి.వి.గిరి, డిప్పల సూరిదొర ఎన్నికను సవాలు చేశాడు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థి సాధారణ స్థానానికి కూడా అర్హుడేనని సుప్రీంకోర్టు 1959లో తీర్పు చెప్పింది. 1961లో చేసిన చట్టంతో ద్విసభ్య నియోజకవర్గాలు రద్దయ్యాయి.

1959లో ఏజెన్సీ భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1967 నుండి శ్రీకాకుళం ఏజెన్సీలో సాయుధ గిరిజన పోరాటం తీవ్రమై, అందులోని నక్సలైటు నాయకత్వం ఎన్నికల బహిష్కరణ మార్గాన్ని చేపట్టింది. ఆ పోరాటం సాగుతుండగానే 1969లో మల్లుదొర మరణించాడు. ముఠాదారీ పద్ధతిని రద్దు చేసి రైత్వారీగా మార్చే నిబంధన వెలువడినది కూడా అదే సంవత్సరం. భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య భూ బదలాయింపులను సైతం నిషేధించారు.

షెడ్యూల్డు తెగలకు రిజర్వు చేసిన అరకు లోక్‌సభ నియోజకవర్గం 2008 పునర్విభజనలో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. పితూరీకి ఆరంభస్థానమైన చింతపల్లి, గూడెం ఈ జిల్లాలోనే ఉన్నాయి.