నెహ్రూను గుమ్మం దగ్గర ఆపిన బాలిక

అగళి: మన మడకశిర ప్రాంతంలో చాలా ఇళ్లలో కన్నడం, బడిలో తెలుగు, పై చదువుకు ఇంగ్లీషు. ఏ మాట తప్పుపోతుందో అని పంతులు అడిగినా నోరు మెదపని పిల్లలున్నారు. పన్నెండేళ్ల ఆడపిల్లలైతే మరీ. ఆ వయసులోనే సభ జరిపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ అటువంటి పిల్లలకు చెప్పదగినది.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదో ఏట పెండ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దని, చదువుకుంటానని చెప్పారు. తండ్రి రామారావుగారు కూతురి మాట కాదనలేదు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు, ఈ కాలంలోనూ కాదు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని ఈ బాలిక పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే వస్తారని పెద్దలు షరతు పెట్టారు. డబ్బు కూడింది, సభ జరిగింది. గాంధీజీ హిందీ మాటలను తెలుగులో చెప్పింది కూడా ఆమే. బడిలో ఇంగ్లీషు రుద్దడం నచ్చక చదువు మానేసి, తానే స్త్రీలకు హిందీ నేర్పే బడి పెట్టింది.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ. పక్కనే ఖద్దరు ప్రదర్శన. టిక్కెట్టు లేనిదే ఎవరినీ వదలవద్దని పద్నాలుగేళ్ల దుర్గాబాయికి పని అప్పగించారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టిక్కెట్టు లేదు. ఆమె లోనికి పోనివ్వలేదు. నిర్వాహకులు కంగారుపడి కోప్పడ్డారు. చివరకు టిక్కెట్టు కొన్నాకనే దారి ఇచ్చింది. నెహ్రూ కోపగించుకోలేదు, మెచ్చుకున్నారు. పిల్లకు పని అప్పగించినవారు ఆ పనిని గౌరవించాలని నెహ్రూకు తెలిసింది గాని, అక్కడున్న పెద్దలకు తెలియలేదు.

ఉప్పు సత్యాగ్రహంతో మొదలై 1930-33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. తిరిగి వచ్చి మళ్లీ పుస్తకం పట్టారు. ప్రైవేటుగా కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. తాను ఎక్కిన ఆ మెట్రిక్ మెట్టునే తెలుగు బాలికల చేత కూడా ఎక్కించేందుకు మద్రాసులో తరగతులు నడిపారు. 1937లో ఏర్పడిన ఆంధ్ర మహిళా సభ అలా ఎదిగింది.

రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడు సి.డి.దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. నడుమ బడి మానేసిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చునే కోర్సులను 1958లో ఆ మండలి మొదలుపెట్టింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.