లెక్కల్లో మన పేరు రాయించిన భాగ్యరెడ్డి వర్మ

జూన్ నెల వచ్చిందంటే మన హాస్టల్ ఆఫీసు గది ముందు అమ్మానాన్నలు వరుసగా నిలబడతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బోనఫైడ్, రెండు ఫొటోలు. ఆ కాగితాలు సరిగ్గా ఉంటేనే రిజిస్టర్లో పేరు ఎక్కుతుంది. రిజిస్టర్లో పేరుంటేనే కంచంలో అన్నం పడుతుంది. ఒక్క కాగితం తక్కువైతే మళ్లీ మీ సేవకు పరుగెత్తాల్సిందే. ఆ దరఖాస్తులో కులం అనే గడి ఒకటి ఉంటుంది కదా, అందులో మనవాళ్లను ఏ పేరుతో రాయాలో మనమే చెప్పాలని దాదాపు వందేళ్ల కిందట పట్టుబట్టిన వ్యక్తి భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో జన్మించారు. అసలు పేరు మాదరి భాగయ్య. చిన్నతనంలో ఇల్లు గడవక సికింద్రాబాదులో డోస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో పనితోపాటు చదువు కూడా అబ్బింది. పెద్ద పెద్ద డిగ్రీలు ఏమీ లేవు. అయినా వేదిక ఎక్కితే గంటల తరబడి మాట్లాడగలిగేవారు.

1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథల ద్వారా బస్తీల్లో ప్రచారం మొదలుపెట్టారు. 1911లో అది మన్య సంఘం అయింది. జోగిని దురాచారం, బాల్యవివాహాలు, తాగుడు మానాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఆర్యసమాజం వారు ఆయన సేవను చూసి వర్మ అనే బిరుదు ఇచ్చారు. బుద్ధ జయంతి కూడా జరిపించేవారు.

అన్నింటికన్నా ముఖ్యంగా మనం తెలుసుకోవలసింది ఆయన బడుల సంగతి. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో సాగేది. మన పిల్లలు బడి గడప తొక్కడమే కష్టం, తొక్కినా ఆ భాష అర్థం కాదు. అందుకే 1910లో ఇసామియా బజారులో మొదలుపెట్టిన బడిలో తెలుగులోనే పాఠాలు చెప్పించారు. విరాళాలు పోగుచేస్తూ ఒక్కో బస్తీలో ఒక్కో బడి తెరిచారు. చివరికి అవి 26 అయ్యాయి, చదివే పిల్లలు రెండు వేలు దాటారు. ఇరవై నాలుగేళ్లు ఈ భారం మోశారంటే మామూలు విషయం కాదు. ఒక్క నెల మెస్ బిల్లు ఆలస్యమైతేనే మన వార్డెన్ సారు ఎంత కంగారు పడతారో మనం చూస్తూనే ఉన్నాం! 1934 నాటికి ప్రభుత్వం ఆ బడులను తన చేతిలోకి తీసుకుంది.

ఇక పేరు విషయం. 1917 నవంబరులో విజయవాడలో పంచమ మహాసభ ఏర్పాటు చేసి ఆయనను అధ్యక్షుడిగా పిలిచారు. పంచమ అన్న మాట ఇతరులు అంటగట్టినదని, ఈ నేలకు మొదటివాళ్లం మనమేనని ఆయన వాదించారు. సభ పేరే ఆది ఆంధ్ర మహాసభగా మారిపోయింది. హైదరాబాదు రాజ్యంలో ఆయన ఎంచుకున్న పేరు ఆది హిందువులు. జనాభా లెక్కల్లో అదే రాయాలని నిజాం ప్రభుత్వాన్ని పదే పదే కోరారు. 1931 లెక్కల్లో ప్రభుత్వం ఒప్పుకుంది. అప్పటికి మన గోదావరిఖనిలో బొగ్గు బావి పడలేదు. రామగుండం నిజాం రాజ్యంలో, కరీంనగర్ జిల్లాలో ఉండేది. అంటే ఇక్కడి మన తాతముత్తాతలకూ ఆ మార్పు వర్తించింది.

పేరు మారితే ఏమొస్తుందని కొందరు అడగవచ్చు. మనవాళ్లు ఎంతమంది, ఎక్కడ ఉన్నారు, వారి పిల్లల్లో బడికి పోయేదెందరు అన్నది కాగితం మీద లేకపోతే సర్కారును ఏ లెక్కతో అడుగుతాం? ఈ రోజుల్లోనూ అంతే. 2024 నవంబరులో మన రాష్ట్రంలో మెస్ చార్జీలు పెంచినప్పుడు 3 నుంచి 7వ తరగతి వరకు నెలకు 950 రూపాయలు 1330 అయ్యాయి, 8 నుంచి 10 వరకు 1100 రూపాయలు 1540 అయ్యాయి. ఆ డబ్బు తల ఒక్కింటికి వస్తుంది. తల లెక్కలో ఉండాలి. కాలేజీ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి ఉంది. గనిలో పర్మనెంటు ఉద్యోగం ఉన్న ఇల్లు ఆ గీత దాటుతుంది. అదే గనిలో కాంట్రాక్టు పని చేసే నాన్న జీతం ఆ గీత దగ్గరే ఊగిసలాడుతుంది.

వర్మగారి పనిలో లోటు లేదని నేను అనను. అందరికీ ఒకే పేరు వచ్చినా మాల, మాదిగల మధ్య దూరం పోలేదు. అరిగె రామస్వామి వంటి నాయకులు విడిగా సంఘాలు నడిపారు. ఆ లెక్క తేలడానికి చాలా కాలం పట్టింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతం చొప్పున రిజర్వేషన్లు పంచారు.

భాగ్యరెడ్డి వర్మ 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒక్క ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. మన రాష్ట్ర ఎస్సీ కులాల జాబితా తీసి చూడండి. ఒకటో నంబరు దగ్గర ఇప్పటికీ ఆది ఆంధ్ర అనే ఉంటుంది.