ఎల్మర్ కీత్

ఎల్మర్ మెరిఫీల్డ్ కీత్ (1899 మార్చి 8 - 1984 ఫిబ్రవరి 14) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన పశుపాలకుడు, వేటగాడు, తుపాకుల గురించి వ్రాసిన ప్రసిద్ధ రచయిత. పేల్చిన తూటాల గుల్లలను పారవేయక, వాటిలో తిరిగి మందు, గుండు చేతితో నింపుకొని, కర్మాగారాలవారు పాటించే హద్దును మించిన పీడనంతో పేల్చి చూచినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .41 మాగ్నమ్ అనే మూడు రివాల్వరు తూటాల పుట్టుకలో ఇతని పాత్ర ఉన్నది. ఈ ప్రయోగాలలో ఒక రివాల్వరు అతని చేతిలోనే బ్రద్దలయినది. ఆ సంఘటన తరువాత అతడు తీసుకొన్న నిర్ణయమే .44 మాగ్నమ్‌కు మూలము.

బాల్యము

కీత్ మిస్సోరీ రాష్ట్రములోని హార్డిన్ గ్రామంలో జన్మించాడు. తరువాత కుటుంబం మోంటానాకు తరలిపోయినది. పన్నెండేళ్ల వయసులో మిస్సౌలా పట్టణంలో వారు బస చేసిన ఇల్లు తగలబడగా కీత్ తీవ్రంగా గాయపడ్డాడు. ఎడమచేయి వంకరగా అతుక్కుపోయినది. ఆ చేతిని పట్టుబట్టి మళ్లీ విరిపించి, తిన్నగా కట్టించుకొన్నానని తన ఆత్మకథలో పేర్కొన్నాడు. కాలిన ముఖంతో, వంకర చేతితో పెరిగిన ఆ పిల్లవాడు గుఱ్ఱపుస్వారీలోను, గురి పెట్టడంలోను ఎవరికీ తీసిపోనివాడయ్యాడు. యౌవనంలో పశువులు కాచాడు, గుఱ్ఱాలను మచ్చిక చేశాడు, వేటకు వచ్చే ధనికులకు దారి చూపే పని చేశాడు. 1926లో లొరైన్ రాండల్‌ను వివాహమాడాడు. జీవితంలో అధికభాగం ఐడహో రాష్ట్రంలో, ముఖ్యంగా సాల్మన్ పట్టణ ప్రాంతంలో గడిపాడు.

చేతితో తూటాలు నింపుట

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన సీసపు గుండు. పేల్చిన తరువాత గుల్ల మిగులుతుంది. దానికి కొత్త ప్రైమరు అమర్చి, మందు తూచి పోసి, గుండు బిగిస్తే మళ్లీ తూటా తయారవుతుంది. పల్లెప్రాంతాల అమెరికా వేటగాళ్లకు ఇది మొదట పొదుపు మార్గము. తన తుపాకికి, తన అవసరానికి సరిపడే తూటాను తానే తయారుచేసుకొనే వీలు రెండవ లాభము. కీత్‌ను ఆకర్షించినది ఈ రెండవదే. (భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరమని పాఠకులు గమనించవలెను.)

ఇందులోని చిక్కంతా పీడనములో ఉన్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో సురేకారము, గంధకము, బొగ్గు నూరి ఇంటివద్దనే దీపావళి సామాను తయారుచేసుకొన్న పాత తరంవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. నూరిన మందును పళ్లెంలో పోసి అంటిస్తే భగ్గుమని మండి ఆరిపోతుంది. అదే మందును కాగితంలో గట్టిగా చుట్టి దారం బిగిస్తే ఢామ్మని పేలుతుంది. చిచ్చుబుడ్డి నోరు పూడుకుపోయినా, బుడ్డి గోడ పలుచనైనా పువ్వులు చిమ్మవలసినది పగిలిపోతుంది. మందు ఒకటే, దానిని బంధించిన గోడ మందములోనే తేడా ఉన్నది. తుపాకి కూడా ఇంతే. ఇక్కడ గొట్టమే బుడ్డి, గుండు దాని నోటిని తాత్కాలికంగా మూసిన బిరడా.

అంకెలలో చెప్పాలంటే, మన వంటింటి ప్రెషర్ కుక్కరులో పీడనం చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. .44 స్పెషల్ అనే రివాల్వరు తూటాకు అమెరికా తయారీదారుల సంఘం నిర్ణయించిన గరిష్ఠ పీడనం 15,500 పౌండ్లు. .44 మాగ్నమ్‌కు 36,000 పౌండ్లు. పీడనం పెరిగితే గుండు వేగం పెరుగుతుంది, దూరాన ఉన్న పెద్ద జంతువు కూడా ఒక్క దెబ్బకు పడుతుంది. అయితే పొగరాని మందులో వేగము, పీడనము ఒకే పాళ్లలో పెరగవు. హద్దు దగ్గర చిటికెడు మందు అదనంగా పోస్తే వేగం కొద్దిగా, పీడనం చాలా ఎక్కువగా పెరుగుతాయి. గుండును గుల్లలోకి కాస్త లోతుగా దించినా లోపలి ఖాళీ తగ్గి పీడనం ఎగబ్రాకుతుంది.

1925 నాటి ప్రమాదము

ఆ రోజులలో కీత్ వద్ద ఉన్నది .45 కోల్ట్ రివాల్వరు. పశువుల కాపరులు విరివిగా వాడిన ఆయుధమది. దానిలో కీత్ రైఫిలుకు ఉద్దేశించిన బరువైన గుండ్లను అమర్చి, గుల్ల నిండుగా నల్లమందు కూరి వాడేవాడు. 1925 జూలై 4న అమెరికా స్వాతంత్ర్య దినోత్సవ సంబరంగా మేడమీది వసారా నుండి గాలిలోకి పేల్చాడు. రివాల్వరు పైభాగం ఎగిరిపోయినది. తూటాలు అమర్చే సిలిండరులోని ఆరు గదులలో పైన ఉన్న మూడింటి పైకప్పులు, వాటిమీది ఇనుప పట్టీ లేచిపోయాయి. కీత్‌కు పెద్ద గాయం కాకపోవడం అదృష్టమనే చెప్పాలి. అతడు ఈ సంగతిని దాచుకోక, వివరాలతో అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికకు వ్రాశాడు.

కారణం ఆలోచించగా అతనికి తట్టినది ఇది. .45 రివాల్వరు సిలిండరు, .44 రివాల్వరు సిలిండరు బయటి కొలతలో ఒక్కటే. లోపల తొలిచిన రంధ్రము .44లో చిన్నది. అంటే గది చుట్టూ ఇనుము ఎక్కువ మిగులుతుంది. ఆ తేడా ఒక్కొక్క వైపు పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మాత్రమే. కాని సిలిండరును నిలిపి ఉంచే గాడి సరిగా గది గోడమీదనే కోసి ఉంటుంది, అసలే పలుచనైన ఆ చోట అంతపాటి ఇనుము కూడా విలువైనదే. కనుక కీత్ .45ను వదలి .44 స్పెషల్‌ను పట్టుకొన్నాడు. అతడు మందు తగ్గించుకోలేదు, గోడ మందమున్న తుపాకికి మారాడు. దీనిని జాగ్రత్త అనాలో మొండితనం అనాలో పాఠకుల ఇష్టము.

.44 స్పెషల్‌తో ప్రయోగాలు

తరువాతి ముప్పయి ఏళ్లు కీత్ ఈ తూటాతోనే పని చేశాడు. 1920ల చివరిలో అతడు రూపొందించిన సీసపు గుండు నేటికీ కీత్ గుండు అనే పేరుతో వాడుకలో ఉన్నది. దాని ముక్కు చదునుగా, భుజం వాడి అంచుతో ఉంటుంది. మొనదేలిన గుండుకంటె ఇది వెడల్పైన గాయం చేస్తుంది, కాగితపు గురిమీద గుండ్రని రంధ్రం కోస్తుంది. ముక్కు భాగాన్ని పొడవుగా ఉంచి గుల్ల బయటకు తేవడం వలన లోపల మందుకు చోటు మిగిలినది. పీడనం హద్దులో ఉంచుతూ వేగం సాధించడానికి ఇది తెలివైన ఉపాయము. 1930లలో హెర్క్యులిస్ సంస్థవారి 2400 అనే మందు వచ్చిన తరువాత అతనికి కావలసిన వేగం చిక్కినది. అది నిదానంగా మండే మందు కావడంతో గుండును ఒక్కసారిగా గుద్దక, గొట్టం పొడవునా తోసుకుపోతుంది.

ఇంత చేసినా కీత్ వద్ద పీడనం కొలిచే సాధనం లేదు. కర్మాగారాలలో రాగి ముక్క ఎంత నలిగినదో చూచి పీడనం లెక్కించేవారు. కీత్ గుల్లలను చూచి అంచనా వేసేవాడు. ప్రైమరు అప్పచ్చిలా చదునైనదా, గుల్ల గదిలో పట్టుకొని బయటికి రానన్నదా అనేవే అతనికి గుర్తులు. ఈ గుర్తులు ప్రమాదం దాపులకు వచ్చిన తరువాతే కనిపిస్తాయి, ఒక్కొక్కసారి అప్పటికీ కనిపించవు. రివాల్వరు తూటాలలో ఇవి మరీ నమ్మదగనివి.

.357 మాగ్నమ్

స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 1930లో .38 స్పెషల్ తూటాను హెచ్చు పీడనంతో పేల్చగల బరువైన రివాల్వరును విడుదల చేసినది. కీత్, ఫిలిప్ షార్ప్ అనే మరొక రచయిత దానికి సొంతంగా బలమైన తూటాలు నింపి ఫలితాలు ప్రకటించారు. సంస్థకు చెందిన డగ్లస్ వెస్సన్, తూటాల తయారీదారు వించెస్టర్ పూనుకొనగా 1935లో .357 మాగ్నమ్ వెలువడినది. తొలి రివాల్వరును ఎఫ్.బి.ఐ. అధిపతి ఎడ్గార్ హూవర్‌కు బహూకరించారు. ఈ ఘనతలో ఎవరి పాలు ఎంత అనే వివాదం ఉన్నది. షార్ప్, వెస్సన్‌ల పాత్రే ఎక్కువని, కీత్ ప్రేరకుడని చెప్పడం న్యాయంగా ఉంటుంది.

కొత్త తూటా గుల్లను పాతదానికంటె అంగుళంలో సుమారు ఎనిమిదవ వంతు పొడవు పెంచారు. మందుకు చోటు కోసం కాదు, పాత .38 రివాల్వర్లలో ఈ తూటా దూరకుండా ఉండడానికి. పొరపాటున పెట్టబోయినా సిలిండరు మూసుకోదు.

.44 మాగ్నమ్

తన .44 తూటాలను కూడా కర్మాగారంలో తయారుచేయవలసినదని కీత్ ఏళ్ల తరబడి సంస్థలను కోరాడు. వారు వెనుకాడారు. .44 స్పెషల్ 1900ల తొలి దశాబ్దం నాటిది, పాత రివాల్వర్లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. బలమైన తూటాను అదే కొలతతో అమ్మితే ఎవరో ఒకరు వాటిలో పెట్టి పేల్చక మానరు. చివరకు .357కు చేసినట్లే గుల్ల పొడవు పెంచి, రెమింగ్టన్ తూటాను, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వరును తయారుచేశాయి. 1955 చివర సిద్ధమైన ఈ జత 1956లో ప్రజలకు అందినది. కీత్ 250 గ్రెయిన్ల గుండుకు సెకనుకు 1,200 అడుగుల వేగం అడిగాడు. సంస్థలు అంతకు మించిన వేగాన్నే ఇచ్చాయి. ఆ రివాల్వరుకు 1957లో మోడల్ 29 అనే పేరు వచ్చినది. 1971లో విడుదలైన డర్టీ హ్యారీ చలనచిత్రం దానిని లోకమంతా ఎరిగేటట్లు చేసినది. 1964లో వచ్చిన .41 మాగ్నమ్‌కు కూడా కీత్, బిల్ జోర్డాన్ తదితరులు కృషి చేశారు, కాని అది అంతగా ప్రచారం పొందలేదు.

విమర్శలు

కీత్ రచనలపై వచ్చిన విమర్శలలో మొదటిది అతని గొప్పల గురించి. గాయపడిన జింకను 600 గజాల దూరంనుండి .44 మాగ్నమ్ రివాల్వరుతో కొట్టానని వ్రాయగా చాలామంది నమ్మలేదు. పెద్ద గుండ్ల పక్షాన కీత్, చిన్న వేగవంతమైన గుండ్ల పక్షాన జాక్ ఓకానర్ దశాబ్దాలపాటు పత్రికలలో వాదులాడుకొన్నారు.

అంతకంటె గట్టి విమర్శ అతని పాత మోతాదుల గురించి. కీత్ తొలి ప్రయోగాలు చేసిన నాటి గుల్లల అడుగు బోలుగా, లోపల ఎక్కువ చోటుతో ఉండేది. తరువాతి కాలంలో అడుగు దళసరిగా ఉన్న గుల్లలు వచ్చాయి. ఇవి గట్టివే, కాని లోపలి చోటు తక్కువ. అదే మోతాదు మందు వీటిలో పోస్తే పీడనం ఎక్కువవుతుంది. కీత్ ఈ తేడా గమనించి మోతాదు తగ్గించమని వ్రాశాడు. అయితే పాత పుస్తకంలోని అంకె మాత్రం చేతులు మారుతూ ఉండిపోయినది. ఆ మోతాదులు .44 స్పెషల్ హద్దును మించినవి. నేటి ప్రామాణిక పట్టికలు ఆ తూటాకు వాటిని చూపవు. తన తుపాకిని, తన గుల్లను, తన మందును ఎరిగిన ఒక్క మనిషికి పనికివచ్చిన లెక్క, వాటిని ఎరుగని వేలమంది పాఠకుల చేతికి వెళ్లడంలోని అపాయాన్ని కీత్ తక్కువ అంచనా వేశాడనే చెప్పాలి.

రచనలు, చివరి దశ

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కీత్ యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ ఆయుధాగారంలో తనిఖీదారుగా పనిచేశాడు. రైఫిళ్లలో కూడా మిత్రులిద్దరితో కలిసి .333 ఓకేహెచ్ మొదలైన తూటాలను రూపొందించాడు. ఆ పేరు ఓనీల్, కీత్, హాప్కిన్స్ అనే ముగ్గురి పేర్ల తొలి అక్షరాలతో ఏర్పడినది. 1955లో వెలువడిన సిక్స్‌గన్స్ అతని పుస్తకాలలో ముఖ్యమైనది. ఆత్మకథ 1974లోను, హెల్ ఐ వాజ్ దేర్ అనే పేరుతో విస్తరించి 1979లోను వచ్చినది. 1973లో నెలకొల్పిన ఉత్తమ అమెరికన్ పిస్తోలు గురికాడు పురస్కారం మొదట కీత్‌కే లభించినది. పెద్ద టోపీ, నోట చుట్ట అతని ఛాయాచిత్రాలలో తరచు కనిపిస్తాయి.

1981లో పక్షవాతం సోకి మంచం పట్టాడు. 1984 ఫిబ్రవరి 14న ఐడహోలో మరణించాడు. అతని తుపాకుల సేకరణను కొంతకాలం బాయిసీ నగరంలో ప్రదర్శనకు ఉంచారు. 2015లో వేలం వేయగా అవి వేర్వేరు సేకర్తల చేతులకు వెళ్లాయి.