కాటన్ దొరగారు, గోదావరి కరవు, మన పూర్వికుల వలస

మారిషస్‌లో తెలుగు కుటుంబములలో పుట్టిన మనము, మన పూర్వికులలో అనేకులు కోరంగి రేవున ఓడ ఎక్కిరని చిన్ననాటి నుండి వినుచున్నాము. ఎందుకు ఎక్కిరని అడిగినచో పెద్దలు ‘కరవు’ అను ఒక్క మాట చెప్పి ఊరకుండెడివారు. ఆ మాటలో ఎంత చరిత్ర దాగియున్నదో తెలిసికొనుటకు సర్ ఆర్థర్ కాటన్ గారి జీవితము మనకు తోడ్పడును.

కాటన్ గారు 1803 మే 15న ఇంగ్లండులో జన్మించిరి. పదునారేండ్ల వయసున ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు ఇంజినీర్ల దళమున చేరి, 1821లో మన దేశమునకు వచ్చిరి. కావేరి నదిపై చోళరాజులు పూర్వము కట్టించిన కల్లణై అను ఆనకట్టను శ్రద్ధగా పరిశీలించి, ఇసుక నేలపై రాతికట్ట ఎట్లు నిలుచునో నేర్చుకొనిరి. ఆ విద్యతోనే 1836లో కావేరి పాయయైన కొల్లిడంపై ఆనకట్టలు ఆరంభించిరి.

ఆ కాలమున గోదావరి, కృష్ణా తీరములలో జనుల స్థితి దయనీయముగా ఉండెను. 1832–33లో వానలు లేక నందన కరవు వచ్చెను. గుంటూరు ప్రాంతమున అయిదు లక్షల జనములో రెండు లక్షల మంది వరకు నశించిరని నాటి అంచనా. 1839లో పెనుతుఫాను వచ్చి, సముద్రపు ఉప్పెన కోరంగిని ముంచెను. 1821లో ఏడు లక్షలకు మించియున్న గోదావరి సీమ జనసంఖ్య, 1841 నాటికి సుమారు అయిదు లక్షల అరువది వేలకు తగ్గెను.

వాన లేకపోవుట ఒక్కటే దీనికి కారణమా? కాదు. దూరపు సహ్యాద్రి కొండలలో పుట్టిన గోదావరి, ఇచ్చట వాన లేని ఏట కూడ నీటిని సముద్రమునకు మోసికొని పోవుచుండెను. ఆ నీటిని పొలమునకు మళ్లించు కాలువలు లేవు. పాత చెరువులు బాగుచేయువారు లేక పూడిపోయెను. పంట పోయినను శిస్తు భారము తప్పలేదు. ఇంగ్లండు మిల్లుబట్టలు వచ్చుటచేత నేతగాండ్ర మగ్గములు ఆగిపోయెను. చేతిలో కాసు లేనివానికి అంగడిలో బియ్యమున్నను లేనట్లే గదా.

సరిగా అదే కాలమున, 1835లో, మారిషస్‌లో బానిసత్వము రద్దయ్యెను. అంతకు ముందటి ఏటి నుండియే తోటల యజమానులు చెరకు పనికి ఒప్పందపు కూలీలను భారతదేశము నుండి రప్పింపసాగిరి. కొలది ఏండ్లకే కోరంగి రేవు నుండి కూడ మనవారు బయలుదేరిరి. ఒక ప్రక్క ఆకలి, మరియొక ప్రక్క కూలీలను వెదకు దళారులు. నడుమ మన ముత్తాతలు.

కాటన్ గారు 1844లో గోదావరి సీమను పరిశీలించి, ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమునకు నివేదించిరి. అనుమతి పొందుట సులభము కాలేదు. 1847లో పని మొదలయ్యెను. నడుమ ఆయన జబ్బుపడి ఆస్ట్రేలియాకు పోయి, స్వస్థులై తిరిగివచ్చిరి. వీణెం వీరన్నగారు పనివారిని నడిపించుటలో ఆయనకు కుడిభుజమై నిలిచిరి. వేలాది కూలీల చెమటతో 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు. మన ముత్తాతల వంటివారే వారు.

1876–78లో మహా కరవు మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణములను బలిగొన్నప్పుడు, గోదావరి డెల్టా తన జనులను పోషించుకొని, ఇతరులకు కూడ ధాన్యము పంపెను. అప్పటికి కొలువు విరమించి ఇంగ్లండులో ఉన్న కాటన్ గారు, రైలుమార్గముల కంటె కాలువలే ముఖ్యమని పార్లమెంటు సంఘము ముందు వాదించిరి. ధనము వృథా చేసిరని ఆయనపై నిందలు వచ్చెను. 1899 జూలై 24న ఆయన స్వర్గస్థులైరి. ధవళేశ్వరములో తరువాత కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టిరి. గోదావరి స్నాన సంకల్పమున ఆయనను భగీరథునిగా తలచు పురోహితులు నేటికిని కలరు.

మనవారిని ఓడలెక్కనిచ్చిన ప్రభుత్వపు ఉద్యోగిని మనమేల తలవవలెనని మనలో కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆనకట్టకు ధనమిచ్చునప్పుడు కంపెనీవారు శిస్తు పెరుగునని కూడ లెక్కించుకొనిరి. కాలువలు రాని విశాఖపట్నము వంటి సీమల నుండి వలసలు ఆగనూ లేదు. అయినను ఆ ఆనకట్ట ఒక నిజమును చూపినది. అదే నది, అదే నేల, అదే రైతు. కాలువ వచ్చిన పిమ్మట ఆ డెల్టాలో ఆకలి చావులు తొలగెను. కనుక మన పూర్వికులు పూర్వజన్మ పాపము చేతనో, సోమరితనము చేతనో ఊరు విడువలేదు. తప్పింపదగిన కరవును సకాలమున తప్పించువారు లేక విడిచిరి. ఆనకట్ట ఇరువది ఏండ్లు ముందుగా వచ్చియున్నచో, వారిలో ఎందరో తమ పొలముననే ఉండెడివారు.

మన పిల్లలు అడిగినప్పుడు ‘కరవు’ అను ఒక్క మాటతో ఆపకుందము. కాలువ లేని నదిని, తగ్గని శిస్తును, ఆగిన మగ్గమును, రేవులో వేచియున్న ఓడను గూర్చి కూడ చెప్పుదము.