సర్ ఆర్థర్ కాటన్ : మన జిల్లాలకు రాని నీటిబాట

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పుట్టి పెరిగిన మనకు పడవ యనగా సముద్రపు పడవయే. బారువలోను, కళింగపట్నములోను, చింతపల్లి ఒడ్డునను తెల్లవారకమునుపే తెప్పలు నీటిలోనికి నెట్టు మన సహోదరులను చూచియున్నాము. వానకాలములో నాగావళిని, వంశధారను రేవు దాటినవారు మనలో పెద్దలు అనేకులు గలరు. అయితే ఊళ్ల నడుమగా, వరిచేల ప్రక్కగా, ఒక పట్టణమునుండి మరియొక పట్టణమునకు కాలువలో పడవ ప్రయాణము చేసినవారు మన సంఘములలో అరుదు.

క్రిందటి వేసవిలో మా సంఘపు యౌవనులు కొందరు మోటారు పడవలో దూరప్రయాణము చేయవలెనని ముచ్చటపడి, పటము పరచుకొని కూర్చుండిరి. మేమును వారితో కూర్చుంటిమి. కాకినాడనుండి చెన్నపట్నము వరకు కాలువల మీదుగనే పోవచ్చునని వారెక్కడనో చదివిరి. అది నిజమే. కాకినాడ కాలువలో 50 కిలోమీటర్లు వచ్చినచో ధవళేశ్వరము చేరుదుము. అక్కడ ఆనకట్టకు ఎగువనున్న గోదావరిని అడ్డముగా దాటి, విజ్జేశ్వరము వద్ద ఏలూరు కాలువలో ప్రవేశింపవలెను. అది 139 కిలోమీటర్లు. ఏలూరు వద్ద గోదావరి నీరును కృష్ణ నీరును కలిసికొనును. దక్షిణమున కొల్లేరు సరస్సును దూరముగా ఉంచుకొని బెజవాడ చేరి, కృష్ణను దాటి, కొమ్మమూరు కాలువలో 113 కిలోమీటర్లు పోయినచో పెదగంజాము. అటుపైని బకింగుహాము కాలువ, పులికాట్ సరస్సు అంచున సాగి, 316 కిలోమీటర్లకు చెన్నపట్నమునకు చేర్చును. మొత్తము 618 కిలోమీటర్లు. 2008లో భారత ప్రభుత్వము ఈ దారిని నాల్గవ జాతీయ జలమార్గములో చేర్చినది. అయినను పూడికవలన అనేక స్థలములలో నేడు పడవ నడవదు గనుక, మా పిల్లల ప్రయాణము ప్రస్తుతము పటము మీదనే జరుగుచున్నది.

పటము మీద పెన్సిలు గీత గీయుచుండగా వారిలో చిన్నవాడు మమ్మునొక ప్రశ్న అడిగెను. ఈ గీత కాకినాడలోనే ఎందుకు మొదలుకావలెను, మన కళింగపట్నములో ఎందుకు మొదలుకాకూడదు అని. ఆ ప్రశ్నకు జవాబు వెదకబోయి, ఈ నీటిబాటను మనస్సులో మొదట గీచికొనిన మనుష్యుని జీవితమును మరల చదివితిమి.

ఆర్థర్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రికి పదకొండుగురు కుమారులు, ఈయన పదవవాడు. ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చదివి, మద్రాసు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో, పదునెనిమిదేండ్ల వయస్సున మన దేశమునకు వచ్చెను. ఆయనకు మొదట అప్పగింపబడిన పనులలో ఒకటి పాంబన్ జలసంధి పరిశీలన. అనగా భారతదేశమునకును సింహళమునకును నడుమ ఓడలు పోవుటకు దారి యేర్పడునా అని చూచుట. ఆ వయస్సులో పట్టిన ఆ ధ్యాస తొంబది యారేండ్ల వరకు ఆయనను విడువలేదు. నడుమ బర్మా యుద్ధమునకు వెళ్లి వచ్చెను. యౌవనమందే క్రీస్తు విశ్వాసము ఆయనలో స్థిరపడెను. బైబిలు పఠనము, ప్రార్థన ఆయనకు కడవరకు నిత్యకృత్యములు.

తంజావూరు సీమలో ఆయన ఒక గొప్ప పాఠము నేర్చుకొనెను. చోళరాజులు కావేరి మీద కట్టిన పాత ఆనకట్టను జాగ్రత్తగా పరీక్షించి, క్రింద బండ లేకపోయినను ఒట్టి ఇసుక మీద రాతి కట్టడము నిలుచునని గ్రహించెను. ఆనాటి తెల్ల ఇంజనీర్లు అనేకులు నమ్మని మాట అది. మన పూర్వులు చేసిన పనిని చూచి నేర్చుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. ఇది మేము ఆయనలో మెచ్చుకొను గుణములలో మొదటిది. 1836 మొదలు కొలెరూన్ మీద రెండు ఆనకట్టలు కట్టెను. ఆరోగ్యము చెడి టాస్మేనియాకు పోయి, అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను ఆమెను వివాహమాడెను.

తిరిగి వచ్చిన తరువాత కొంతకాలము ఆయన విశాఖపట్నములో పనిచేసెను. మన సీమకు ఆయన అంత దగ్గరగా వచ్చెను. అక్కడ సముద్రము ఒడ్డును కోసివేయుచుండగా, అలల బలమును విరుచుటకు రాతి గట్లను నీటిలోనికి చొచ్చునట్లు వేయించెను. అచ్చటి దేవాలయ నిర్మాణములోను ఆయన చేయి గలదు. విశాఖపట్నమునుండియే ఆయన దృష్టి గోదావరి మీదికి మళ్లెను.

ఆనాటి గోదావరి సీమను నేటి కోనసీమను చూచినవారు ఊహింపజాలరు. 1821లో అక్కడ 7 లక్షల 38 వేల జనముండగా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. నడుమ 1832, 1833లలో వచ్చిన కరవులో గుంటూరు మండలమున మూడవ వంతుకు మించి ప్రజలు మరణించిరి. నిండు గోదావరి ప్రక్కనే ప్రవహించుచు సముద్రములో కలియుచుండెను. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయములో మోషే రెండు విధములైన దేశములను గూర్చి చెప్పును. ఒకటి మనుష్యుడు కాలువ త్రవ్వి తడుపుకొనునది; రెండవది ఆకాశపు వర్షముకొరకు ఎదురుచూచునది. ఆనాటి గోదావరి రైతుకు ఆ రెండును లేవు. వాన రాకపోయినచో ఎండుట, వచ్చినచో వరదలో మునుగుట.

కాటన్ 1844లో ఆనకట్ట కట్టవలెనని సిఫారసు చేసెను. 1846 చివరన అనుమతి వచ్చెను. ఆరుగురు ఇంజనీర్లను, ఎనిమిదిమంది చిన్న అధికారులను, రెండువేలమంది తాపీ పనివారిని ఆయన కోరగా, దొరికినది పని నేర్పవలసిన ఒక్క చిన్నవాడు, ఇద్దరు సర్వేయర్లు, కొలదిమంది తాపీవారు. ఆ కొద్దిపాటి సహాయముతోనే 1847లో ధవళేశ్వరము వద్ద పని మొదలుపెట్టెను. పదివేల కూలీలు, ఐదువందల వడ్రంగులు, ఐదువందల కమ్మరులు పనిచేసిరి. కూలీలను కూర్చి, పని నడిపించుటలో వీణెం వీరన్న అను తెలుగువాడు కాటన్‌కు కుడిభుజమైయుండెను. ఇసుకలో నూతులు దించి, వాటిపై రాయి పేర్చి, దగ్గరి కొండనుండి బండలు తెచ్చి, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా రెండు మైళ్లకు పైబడిన కట్టను 1852లో ముగించిరి. నడుమ 1848లో కాటన్ శరీరము ఎండకు, శ్రమకు తాళలేక, రెండేండ్లు దేశము విడిచిపోవలసివచ్చెను. కాటన్ పేరు నేడు అందరికిని తెలియును. ఆ పదివేల కూలీలలో వీరన్న వంటి ఒకరిద్దరి పేర్లు తప్ప తక్కినవి ఏ రాతి మీదను లేవు. ఇది మాకు నొప్పిగానే తోచుచున్నది.

ఇక మన సంగతి. ఆనకట్ట అనగానే మనకు సేద్యము జ్ఞాపకము వచ్చును. కాటన్‌కు సేద్యముతోపాటు పడవయు అంతే ముఖ్యము. ఆయన కాలువలలో చాలవరకు పడవ నడచుటకు తగిన వెడల్పుతో, లోతుతో త్రవ్వబడినవి. కాలువ పల్లమునకు దిగుచోటులందు లాకులు కట్టిరి. లాకు చూడనివారికి చెప్పుచున్నాము. అది రెండు ప్రక్కల రాతి గోడలు, రెండు కొనలందు బరువైన తలుపులు గల నీటి గది వంటిది. ఎగువకు పోవలసిన పడవ దిగువ తలుపుగుండా లోనికి వచ్చిన పిమ్మట ఆ తలుపు మూసివేయుదురు. తరువాత ఎగువ నీటిని కొద్దికొద్దిగా లోనికి విడుతురు. నీరు పెరిగినకొలది పడవయు, దానిలోని వందల ధాన్యపు బస్తాలును పసిబిడ్డ నెత్తినట్లు పైకి లేచును. మట్టము సరిపోగానే ఎగువ తలుపు తెరతురు. ఆనాడు కాలువ గట్టుల మీద మనుష్యులు భుజమునకు త్రాడు తగిలించుకొని పడవను లాగుచుండిరి. గాలి అనుకూలమైనచో తెరచాప ఎత్తుచుండిరి. రెండెడ్ల బండి పది పన్నెండు బస్తాలు మోయుటకు ఆపసోపాలు పడుచుండగా, నలుగురైదుగురు మనుష్యులు పడవలో దానికి అనేక రెట్లు సరుకు తీసికొనిపోవుచుండిరి. నదీపాయను దాటి లంకకు నీరు తీసికొనిపోవుటకు గన్నవరము వద్ద నలుబదేసి అడుగుల వెడల్పు గల 49 కమానుల మీద కాలువనే వంతెనగా కట్టిరి.

ఎందుకింత పట్టుదల? కరవులలో కాటన్ గమనించినది ఇది. ఒక మండలములో గింజ లేక జనులు చచ్చుచుండగా మరియొక మండలములో గింజ కొట్లలో నుండును. నడుమ దారి లేదు. యోసేపు ఐగుప్తులో కొట్లు నింపెను. కాని కనానునుండి వచ్చినవారికి గాడిదల మీద మోసికొనిపోగలిగినంతయే దక్కినది. 1866లో ఆ కరవు మన గుమ్మములోనికే వచ్చినది. ఒరిస్సాలో సుమారు పది లక్షలమంది చనిపోయిరి. వర్షాకాలములో ఓడలు ఒడ్డునకు చేరలేక, బండ్లకు బాటలు లేక, ధాన్యము సకాలమున అందలేదు. నేటి శ్రీకాకుళము ప్రాంతములో చాల భాగము ఆనాడు గంజాము జిల్లాలో నుండెను. ఆ జిల్లాయు ఆ బాధ ననుభవించెను. అంతకు ఎనిమిదేండ్ల ముందే, 1858లో, కాటన్ మహానదిని చూచి అక్కడ కాలువలు త్రవ్వవలెనని నివేదిక వ్రాసియుండెను. పని కంపెనీ చేతిలో మెల్లగా సాగుచుండగానే కరవు వచ్చి కూర్చుండెను.

1854లో ప్రచురించిన గ్రంథములోనే ఆయన రైలుమార్గములకంటె జలమార్గములు చౌకయని వాదించియుండెను. 1860లో ఇంగ్లండు చేరి, 1861లో సర్ బిరుదు పొంది, తరువాత ముప్పది యేండ్లకు పైగా ఆ వాదమే చేసెను. 1870లలో పార్లమెంటు ఉపసంఘముల యెదుట తన పెద్ద ఏర్పాటును ఉంచెను. కలకత్తానుండి గంగ మీదుగా, సింధు మీదుగా కరాచీకి ఒక దారి. కాకినాడనుండి గోదావరి యెక్కి, తపతి దిగి సూరతుకు ఒకటి. తుంగభద్ర మీదుగా కార్వారుకు ఒకటి. పాలఘాటు మీదుగా పడమటి సముద్రమునకు ఒకటి. అన్నిటికిని మూడు కోట్ల పౌనులు చాలుననెను. ఉపసంఘమువారు ఒప్పుకొనలేదు. రైళ్లవైపే ప్రభుత్వము మొగ్గెను.

తప్పు అంతయు ప్రభుత్వముదే అని మేము వ్రాయజాలము. కాటన్ లెక్కలు కొన్ని తప్పినవి. ఆయన ప్రోత్సాహముతో పుట్టిన కంపెనీ త్రవ్విన కర్నూలు–కడప కాలువకు రైతులు ఆశించినట్లు నీరు తీసికొనలేదు, పడవలు ఆశించినట్లు నడవలేదు. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. గోదావరి ఎగువన రాతి అడ్డుల వద్ద ఎంతో ధనము వెచ్చించి, చివరకు ఆ పని విడిచిపెట్టిరి. నమ్మినదానిని పట్టుకొని వదలని మనిషికి, తన ఆశ ఎక్కడ ముగియునో, లెక్క ఎక్కడ మొదలగునో కనబడుట కష్టము. సంఘములలో కట్టడములు తలపెట్టిన మనలో కొందరికిని ఇది అనుభవమే.

ఇప్పుడు చిన్నవాని ప్రశ్నకు వత్తము. ఉత్తరమున చిలక సరస్సునుండి పాలూరు కాలువ రుషికుల్య వరకు వచ్చి ఆగిపోయినది. దక్షిణమునుండి వచ్చిన కాలువ కాకినాడలో ఆగిపోయినది. ఆ రెంటి నడుమ ఖాళీగా మిగిలినది మన సీమయే. చూడగా కారణము కనబడుచున్నది. విశాఖపట్నము వద్ద కొండలు సముద్రము వరకు దిగి వచ్చినవి. మన నదులు పొట్టివి, నిటారైనవి. వానలో పొంగి, ఎండలో ఇసుకగా మిగులును. గోదావరివలె కాలువలకు నీరు ఏడాది పొడుగున నిలుపజాలవు. కాటన్ ఏర్పాటులోని నాలుగు పెద్ద దారులలో ఒకటియు మన మీదుగా పోవుటలేదు. తరువాతి కాలములో నారాయణపురము వద్ద, తోటపల్లి వద్ద, గొట్టా వద్ద కట్టిన కట్టలు నీటిని పొలమునకు మళ్లించినవేగాని పడవకు దారి చేయలేదు.

నీటిబాట రాని మన సీమకు రైలే వచ్చినది. 1893, 1896 సంవత్సరముల నడుమ విజయనగరము మీదుగా ఇనుపదారి పడినది. కాటన్ అప్పటికి తొంబది దాటి, ఇంగ్లండులో డోర్కింగు అను ఊర తన తోటలో మట్టిని లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. ఒక సంగతి చదివి మేము నవ్వుకొంటిమి. రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలు వంతెన 1900లోగాని తెరువబడలేదు. అంతవరకు రైలు దిగినవారు ఏటిని పడవ మీదనే దాటిరి. కాటన్ ఆ వంతెన పూర్తియగుట చూడకుండ 1899 జూలై 24వ తేదీన ప్రభువునందు నిద్రించెను.

మన గ్రామములనుండి ఏటేట నాట్లకును కోతలకును గోదావరి, కృష్ణా జిల్లాలకు వలసపోవు కుటుంబములు గలవు. వారు దిగు గట్లు, వండుకొను నీరు ఆయన తెరచిన కాలువలవే. ఇంటివద్ద పొలము వానకొరకు ఎదురుచూచుచుండగా, వేరొకరి తడిపొలములో నడుము వంచి పనిచేసి వచ్చు ఆ తల్లులను, తండ్రులను ఆదివారపు ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనవలసినదిగా సంఘపెద్దలను కోరుచున్నాము.

మా యౌవనుల పటము ఇంకను మా గోడకే వ్రేలాడుచున్నది. కాలువలలో నీరు నిండుగా నుండు కాలము చూచి, చెన్నపట్నము కాకపోయినను ధవళేశ్వరము వరకు పోయి, అక్కడి కాటన్ ప్రదర్శనశాలను, ఏదేని ఒక లాకును కండ్లార చూచి రావలెనని నిశ్చయించుకొనిరి. కాకినాడ వరకు రైలులోనే పోవలెను.