బోదకాలు మాత్ర వెనక భీమవరం డాక్టరు

బందరు, గుడివాడ, దివిసీమ వైపు పాతతరం వాళ్లకు బోదకాలు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాచిన కాలు కనపడకుండా పంచె కిందికి దించి కట్టుకుని నడిచే మనుషుల్ని చూసే ఉంటారు. ఆ జబ్బు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి ఇచ్చే డీఈసీ మాత్రను ప్రపంచానికి అందించిన బృందానికి పెద్ద మనవాడే. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

పుట్టింది 1895 జనవరి 12న, భీమవరంలో. ఆయన బాల్యంలోనే, 1904లో, భీమవరం తాలూకాను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా అక్కడివాళ్లకు జిల్లా కేంద్రం బందరే. చదువు మొదట్లో సరిగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యాడు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటపడ్డాడు. ఈలోగా స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని రోజుల తేడాతో తీసుకుపోయింది. మామగారి సాయంతో 1923లో బోస్టన్ చేరాడు. ఆస్పత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. నమూనాకు మాలిబ్డేట్ కలిపి మరో రసాయనం వేస్తే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత ముదురైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. వినడానికి చిన్న విషయమే. కానీ కొలత పద్ధతి కనిపెట్టినవాణ్ని ఆ కొలత వాడిన ప్రతివాడూ తన పత్రంలో పేర్కొనాలి. అందుకే దశాబ్దాల తరబడి వేలమంది ఆ పత్రాన్ని ఉటంకించారు. గత శతాబ్దంలో అతి ఎక్కువగా ఉటంకించిన పత్రాల్లో అదొకటి. కిడ్నీ రోగుల రక్తపరీక్ష రిపోర్టులో కనిపించే ఫాస్ఫరస్ వరుసకు మూలం కూడా ఈ తరహా రసాయన చర్యే.

ఇక్కడే ఒక చిక్కుంది. 1960ల్లో వచ్చిన సైటేషన్ సూచికలు ఉటంకింపులన్నీ మొదటి రచయిత పేరు కిందే వేసేవి. అంటే ఫిస్కే కింద. సుబ్బారావు కోసం ఆ పేజీలు తిరగేసినవాడికి అసలు పత్రమే కనిపించదు!

అదే పద్ధతితో 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో శరీరానికి శక్తినిచ్చే ఏటీపీని ఇద్దరూ వెలికితీశారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారిపోయాడు. నా లెక్కలో ఆయన అసలు పని అక్కడే మొదలైంది.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. పదిహేను మందికి పైగా రచయితలున్న ఆ పత్రంలో ఆయన పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇవాళ గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చేది ఆ ఫోలిక్ యాసిడే. దానికి వ్యతిరేకంగా పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1947లో ల్యుకేమియా పిల్లలకు వాడి చూశాడు. మరుసటి ఏడు వచ్చిన ఆ ప్రసిద్ధ పత్రంలో రచయితగా సుబ్బారావు లేడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్లవాతానికి వారానికి ఒకసారి ఇస్తున్నారు, వెంట ఫోలిక్ యాసిడ్ కూడా.

డీఈసీ 1947లో వచ్చింది. రక్తంలో తిరిగే మైక్రోఫైలేరియాను అది చంపుతుంది. క్యూలెక్స్ దోమ ఇంకొకరికి ఎక్కించడానికి పురుగు మిగలదు. ఏడాదికోసారి ఊరంతా మింగమనేది అందుకే. ఒంట్లో పురుగులున్నవాళ్లకు మాత్ర వేసుకున్నాక జ్వరం, తలనొప్పి రావచ్చు. అవి చనిపోతున్న పురుగుల వల్లే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బులో ఉన్నవాళ్లకు ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు. ఒకసారి బాగా వాచిన కాలును మాత్ర వెనక్కి తేలేదు. దాన్ని రోజూ సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పుండు పడకుండా చూసుకోవాలి.

ఈ మందు వచ్చిన మరుసటి ఏడే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో గుండెపోటుతో సుబ్బారావు చనిపోయాడు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1923లో ఓడెక్కాక మళ్లీ స్వదేశం చూడలేదు. ఇక్కడి తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది 1995లో.