సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబర్ 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త, భారత రక్షణ పరిశోధనా రంగానికి తొలి దశలో నాయకత్వం వహించిన తెలుగువాడు. సి.వి.రామన్ శిష్యుడిగా పరిశోధన ప్రారంభించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపకులపతిగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా పనిచేశాడు. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా ఉన్నాడు. మన దేశంలో రూపొందిన మొట్టమొదటి జెట్ యుద్ధవిమానం హెచ్.ఎఫ్-24 మారుత్ తగిన ఇంజను దొరకక వెనుకబడినదీ, కంప్యూటర్లను దేశంలోనే తయారు చేయాలన్న ఆలోచనకు పునాది పడినదీ ఆ కాలంలోనే. అందువల్ల ఈయన జీవితం ఈ రెండు రంగాల చరిత్రతో ముడిపడి ఉంది.

బాల్యము, విద్యాభ్యాసము

భగవంతం అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లి గ్రామంలో జన్మించాడు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి భౌతికశాస్త్రంలో బి.ఎస్సీ. పట్టా పొందాడు.

1887లో స్థాపించబడిన నిజాం కళాశాల ఆబిడ్స్, బషీర్‌బాగ్ ప్రాంతాల నడుమ ఉంది. నిజాం సంస్థానంలో ఉన్నప్పటికీ ఆ రోజులలో ఇది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాల. ఇక్కడ బోధన ఆంగ్లంలో జరిగేది. దీనికి దగ్గరలోనే గన్‌ఫౌండ్రీలోని భవనాలలో 1919లో తరగతులు ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధించేది. ఈ విధంగా 1920వ దశకంలో నగరంలోని ఒకే పేటలో రెండు భాషలలో, రెండు పద్ధతులలో ఉన్నత విద్య సాగేది. ఇందులో ఒక దాని విద్యార్థి అయిన భగవంతం పాతికేళ్ళ తరువాత రెండవ దానికి ఉపకులపతి కావటం విశేషం.

అప్పటి ఆబిడ్స్ ఇప్పటంత రద్దీ గల వ్యాపార కేంద్రం కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం పేరే ఆ ప్రాంతానికి స్థిరపడింది. పక్కనే ఉన్న నాంపల్లిలో 1907లో నిర్మించిన రైల్వే స్టేషను, బాగే ఆమ్ అని పిలువబడే పబ్లిక్ గార్డెన్స్ అప్పటికే ఉన్నాయి.

రామన్ వద్ద పరిశోధన

1928లో భగవంతం కలకత్తా వెళ్ళి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే సంస్థలో సి.వి.రామన్ వద్ద చేరాడు. రామన్ తన పేరుతో ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్న సంవత్సరం అదే. ఒకే రంగు గల కాంతిని ఒక పదార్థం గుండా పంపినపుడు చెదరిన కాంతిలో కొద్దిభాగం వేరే రంగులోకి మారుతుంది. ఆ మార్పును కొలిస్తే పదార్థంలోని అణువులు ఏ విధంగా కంపిస్తున్నాయో తెలుసుకోవచ్చును.

1931లో రామన్, భగవంతం కలిసి కాంతి కణమైన ఫోటానుకు ఆత్మభ్రమణం ఉన్నదని ప్రయోగాత్మకంగా చూపే ప్రయత్నం చేసి ఫలితాలు ప్రచురించారు. వృత్తాకార ధ్రువణం గల కాంతి చెదరినపుడు దాని ధ్రువణం ఎట్లా మారుతుందో కొలవటం ఈ ప్రయోగంలో ముఖ్యాంశం. అప్పటికి భగవంతం వయసు సుమారు 22 సంవత్సరాలు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. భగవంతం అక్కడే ఆచార్యుడై, రామన్ ఫలితం మీద, స్ఫటికాల ధర్మాల మీద పరిశోధించే ఒక బృందాన్ని తయారు చేశాడు.

ఈ కాలంలో ఆయన చేసిన ముఖ్యమైన పని సమూహ సిద్ధాంతం అనే గణిత శాఖను భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయించటం. ఒక అణువులో ఎన్ని పరమాణువులు ఉంటే దాని కంపనాల లెక్క అంత పెద్దదవుతుంది. ఉదాహరణకు 12 పరమాణువులు గల బెంజీను అణువుకు 30 రకాల కంపనాలు ఉంటాయి. అయితే ఆ అణువుకు ఉన్న సౌష్ఠవం వల్ల వాటిలో కొన్ని జతలుగా ఒకే పౌనఃపున్యం కలిగి ఉండి, వేరువేరు పౌనఃపున్యాలు 20 మాత్రమే అవుతాయి. ఇదే విధంగా ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికం సాగే గుణాన్ని వర్ణించటానికి 21 స్థిరాంకాలు కావలసి ఉండగా, ఉప్పు వంటి ఘనాకార స్ఫటికానికి 3 సరిపోతాయి. సౌష్ఠవాన్ని ముందుగా గుర్తిస్తే అనవసరమైన లెక్క తప్పుతుంది.

కంప్యూటర్లు లేని ఆ రోజులలో ఇది చాలా విలువైన పద్ధతి. నిర్దిష్టమైన పట్టికలు, నిర్దిష్టమైన మెట్లు ఉండటం వల్ల ఎవరు చేసినా ఒకే సమాధానం వచ్చేది. ఇప్పుడు స్ఫటికాల ధర్మాలను గణించే కంప్యూటరు ప్రోగ్రాములు కూడా ఇదే సౌష్ఠవ సూత్రం మీద ఆధారపడి పనిచేస్తాయి. టి.వెంకటరాయుడుతో కలిసి భగవంతం ఈ విషయమై రచించిన గ్రంథం 1948లో వెలువడింది.

ఉస్మానియా నుండి బెంగుళూరుకు

1948-49లో భగవంతం లండనులోని భారత హైకమిషనరు కార్యాలయంలో శాస్త్రీయ సలహాదారుగా పనిచేశాడు. తరువాత హైదరాబాదుకు తిరిగివచ్చి 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నాడు. విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమం నుండి ఆంగ్లానికి మారిన వెంటనే వచ్చిన సంవత్సరాలు ఇవి. ఆయన పదవిలో ఉండగానే, 1956లో, హైదరాబాదు రాష్ట్రం విభజించబడి ఆంధ్రప్రదేశ్ అవతరించింది.

1957లో ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడయ్యాడు. ఆ సంస్థలోని వైమానిక విభాగంలో సతీష్ ధావన్ వంటివారు వాయుగతిశాస్త్రంలో కృషి చేస్తున్న కాలమది. అదే నగరంలో హిందుస్థాన్ విమాన కర్మాగారంలో మారుత్ విమానం రూపుదిద్దుకుంటున్నది. 1962లో భగవంతం తరువాత సతీష్ ధావన్ సంచాలకుడయ్యాడు.

మారుత్ విమానము

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఫొకె-వుల్ఫ్ విమానాలను రూపొందించిన జర్మను ఇంజనీరు కర్ట్ టాంక్ 1956లో బెంగుళూరు వచ్చి, భారతీయ ఇంజనీర్లతో కలిసి మారుత్‌ను రూపకల్పన చేశాడు. ధ్వని వేగానికి రెట్టింపు వేగాన్ని అందుకోవటం దీని లక్ష్యం. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దీనిని మొదటిసారి నడిపాడు. భగవంతం రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారు అయినది కూడా ఆ సంవత్సరమే. ఆ హోదాలో ఆయన రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు అధిపతి.

విమానం నిర్మాణంలో చెప్పుకోదగ్గ లోపం లేదు. చిక్కంతా ఇంజనులోనే వచ్చింది. మొదట అనుకున్న బ్రిస్టల్ ఆర్ఫియస్-12 ఇంజను సుమారు 6,800 పౌండ్ల తోపు ఇవ్వవలసి ఉంది. బ్రిటిషు వారు దాని అభివృద్ధిని మధ్యలో విరమించారు. అందుకు అయ్యే ఖర్చును భరించటానికి భారత ప్రభుత్వం సిద్ధపడలేదు. భగవంతం సలహాదారు పదవి చేపట్టక మునుపే ఈ నిర్ణయం జరిగిపోయింది. చివరకు 4,850 పౌండ్ల తోపు మాత్రమే గల ఆర్ఫియస్-703 ఇంజనులు రెండు అమర్చవలసి వచ్చింది. వీటితో విమానం ధ్వని వేగం దగ్గరే ఆగిపోయింది.

ఈ లోటు తీర్చటానికి రెండు మార్గాలలో ప్రయత్నాలు జరిగాయి.

* మొదటిది, ఇంజను వెనుక గొట్టంలో మరికొంత ఇంధనాన్ని మండించి తోపు పెంచటం. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన బెంగుళూరులోని గ్యాస్ టర్బైను పరిశోధనాలయం ఈ పని చేపట్టింది. తోపు పెరిగింది గాని, ఆ అమరిక కోసం విమానం తోక భాగాన్ని మార్చటం వల్ల గాలి నిరోధం కూడా పెరిగి ఆశించిన లాభం దక్కలేదు.
* రెండవది, ఈజిప్టులో ఫెర్డినాండ్ బ్రాండ్నర్ రూపొందిస్తున్న ఇ-300 ఇంజను. దీనిని పరీక్షించటానికి ఒక మారుత్‌ను ఈజిప్టుకు పంపారు. 1967లో అది అక్కడ ఎగిరింది. 1969లో ఈజిప్టు తన యుద్ధవిమాన పథకాన్ని రద్దు చేయటంతో ఈ మార్గం కూడా మూసుకుపోయింది.

1970 జనవరి 10న అధిక తోపు ఇంజనులు అమర్చిన మారుత్ నమూనా కూలిపోయి సురంజన్ దాస్ మరణించాడు. దీనితో మెరుగైన మారుత్ ఆశలు దాదాపు అడుగంటాయి. తరువాత తలపెట్టిన రూపాంతరాలు కూడా రద్దయ్యాయి. శిక్షణ విమానాలతో కలిపి మొత్తం 147 మారుత్‌లు తయారయ్యాయి. 1971 యుద్ధంలో రాజస్థాను సరిహద్దులో ఇవి భూతల దాడులలో బాగా పనిచేశాయి. 1990 నాటికి ఇవి సేవ నుండి పూర్తిగా తొలగించబడ్డాయి.

ఇంతలో 1962లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం మిగ్-21 విమానాల తయారీ మొదలయింది. వీటికి చట్రం నాసికులో, ఇంజను కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులోని బాలానగర్‌లో తయారయ్యేటట్లు ఏర్పాటు జరిగింది.

ఎలక్ట్రానిక్స్ సంఘము, కంప్యూటర్లు

1962 చైనా యుద్ధం తరువాత దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఎంత వెనుకబడి ఉన్నదో స్పష్టమయింది. దీనిని పరిశీలించటానికి 1963లో ప్రభుత్వం హోమీ భాభా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. విక్రం సారాభాయ్, భగవంతం, అయ్యగారి సాంబశివరావు ఇందులో సభ్యులు. రాబోయే పదేళ్ళలో కంప్యూటర్లతో సహా దేశానికి కావలసిన ఎలక్ట్రానిక్ సామగ్రిని అంచనా వేసి, దానిని ఇక్కడే తయారు చేసుకోవలసిన అవసరాన్ని వివరించిన నివేదిక 1966లో వెలువడింది.

మరుసటి సంవత్సరం హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.) స్థాపించబడింది. సాంబశివరావు దానికి సారథ్యం వహించాడు. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో ఈ సంస్థ నుండి వెలువడింది. పేరులో ఉన్నట్లుగానే ఇది 12 బిట్ల యంత్రం. అంటే ఒక పదంలో 0 నుండి 4095 వరకు గల సంఖ్య మాత్రమే ఇముడుతుంది. అంతకు మించిన సంఖ్యను ప్రోగ్రామరు రెండు మూడు ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్క నుండి మరొక ముక్కకు మిగులును తానే మోసుకుపోవలసి ఉంటుంది. ఇక్కడ పొరపాటు జరిగితే యంత్రం ఆగిపోకుండా తప్పు సమాధానం ఇస్తుంది. ఇటువంటి యంత్రాలను ఉపయోగించటంలో ఎదురైన సమస్యలే దేశంలో తొలితరం ప్రోగ్రామర్లకు పాఠాలయ్యాయి.

మారుత్ రూపకల్పన మొదలైన 1956లో దేశం మొత్తం మీద ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు ఒకటి రెండుకు మించి లేవు. ఆ విమానపు రెక్కలకు, ఇంజనులకు కావలసిన లెక్కల భారం ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చును.

రక్షణ పరిశోధనలో స్థానము

భగవంతం పదవీకాలాన్ని మారుత్ వైఫల్యాన్ని బట్టి మాత్రమే అంచనా వేయటం సరికాదు. క్షిపణులు, లోహాలు, ఎలక్ట్రానిక్స్ విషయమై పరిశోధించే మూడు రక్షణ ప్రయోగశాలలు హైదరాబాదులో నెలకొన్నది 1960వ దశకపు తొలి సంవత్సరాలలోనే. నగరం తరువాతి కాలంలో రక్షణ పరిశోధనలకు ముఖ్యకేంద్రం కావటానికి ఇవి కారణమయ్యాయి.

అయితే ఇంజను సమస్య తీరలేదు. తెలుగువాడైన కోట హరినారాయణ నాయకత్వంలో రూపొందిన తేజస్ విమానం 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. దానికోసం అదే గ్యాస్ టర్బైను పరిశోధనాలయం తలపెట్టిన కావేరి ఇంజను సకాలంలో సిద్ధం కాలేదు. తేజస్ అమెరికా ఇంజనుతోనే వాయుసేనలో చేరింది. చట్రం కన్నా ఇంజనుకు ఎక్కువ కాలం, ఎక్కువ ధనం, అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే లోహాలు కావాలన్నది మారుత్ నేర్పిన పాఠం. ఇంజను అభివృద్ధిని విమానంతో పాటే మొదలుపెట్టి, విమానం రద్దయినా దానిని ఆపకుండా ఉండటమే ఆ పాఠానికి తగిన జవాబు.

రచనలు

భగవంతం ఆంగ్లంలో రచించిన ముఖ్య గ్రంథాల విషయాలు ఇవి.

* కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం (1940)
* సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలకు దాని అన్వయం (టి.వెంకటరాయుడుతో కలిసి, 1948)
* స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలు (1966)

చివరి సంవత్సరాలు

పదవీ విరమణ తరువాత, 1970వ దశకంలో, వర్ధమాన దేశాలలో విజ్ఞానశాస్త్రాభివృద్ధికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి భగవంతం సేవలందించాడు. సత్యసాయిబాబా తెలుగు ఉపన్యాసాలను సభలలో ఆంగ్లంలోకి అనువదించేవాడు. 1989 ఫిబ్రవరి 6న మరణించాడు.

విశేషాలు

* ఆయన చదివిన నిజాం కళాశాలకు సమీపంలోని గన్‌ఫౌండ్రీకి ఆ పేరు రావటానికి కారణం, నిజాం సైన్యంలోని ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర అక్కడ నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం. స్థానికులు దీనిని తోప్ కా సాంచా అంటారు. స్వతంత్ర భారతదేశపు రక్షణ పరిశోధనకు అధిపతి అయిన వ్యక్తి ఆ ఫిరంగుల పోత శాలకు కూతవేటు దూరంలో భౌతికశాస్త్రం నేర్చుకున్నాడు.